మా జట్టు, మా జుత్తు

చీపురుపల్లి టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు గెలిచిందో ఓడిందో తాయారుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. వీధి తలుపు చెప్పేది. గెలిచిన రోజున ఆమె మొగుడు జగన్నాధం తలుపును ఎంత జోరుగా తోసేవాడంటే, అది గోడకి కొట్టుకుని తిరిగొచ్చి అతని ముక్కునే పలకరించేది. ఓడిన రోజున తలుపు చప్పుడే ఉండేది కాదు. దొడ్డిదారిన వచ్చి, కాళ్ళు కడుక్కోవడం మరిచిపోయి, వడ్డించిన కంచం ముందు కూలబడి, "ఇదుగో, ఇక్కడ మన బ్యాకు ఉండాల. ఉన్నాడా? లేడు" అంటూ వంకాయ ముక్కని అన్నంలో ఖాళీ చోటికి జరిపేవాడు. ఆ పూటకి బ్యాకు కుదురుకునేవాడు గాని ముద్ద మాత్రం గొంతు దిగేది కాదు.

స్టేషను రోడ్డులో అతనికి గోగునార కొట్టు ఉండేది. రైతులు తెచ్చిన నార కొని, మోపులు కట్టించి, రైలెక్కించి మిల్లుకి పంపేవాడు. నార అతని వృత్తి, నోరు అతని ప్రవృత్తి. ఏ మాట దొరికినా సాగదీసి, మెలిపెట్టి, పురి ఎక్కించందే వదిలేవాడు కాదు. చీపురుపల్లి గెలిస్తే "ఊడ్చీసినాం" అనేవాడు. బొబ్బిలి చేతిలో ఓడితే, అది వీణలు చేసే ఊరు గనక, "వాయించీసినారు" అనేవాడు. గోలు పడితే గోల, పడకపోతే గోళ్ళు. ఆ గోళ్ళు కొరికి కొరికి, పోటీల రోజుల్లో నార ముడి విప్పడానికి కూడా అతని వేళ్ళు పనికొచ్చేవి కావు.

అరవై ఎనిమిదిలో జిల్లా కప్పు పోటీలు ఆ ఊరి హైస్కూలు మైదానంలోనే పెట్టారు. మైదానానికి ఒక కొసన, గోలు స్తంభాలకి సరిగ్గా వెనకాల, మరిడమ్మ తల్లి గుడి ఉంది. గోల్ కీపరు వదిలేసిన బంతి ఒక్కోసారి అమ్మవారి గుమ్మంలోకి వెళ్ళి ఆగేది.

సెమీఫైనల్లో పాలకొండ ముందుగా గోలు కొట్టింది. ఆట చివరికొచ్చినా చీపురుపల్లి కాలికి బంతి కుదరలేదు. జగన్నాధానికి ముందు అరచేతులు తడిశాయి, తర్వాత మోకాళ్ళు వణికాయి, తర్వాత ఆ మోకాళ్ళే అతన్ని గుడి వైపు పరిగెత్తించాయి. గుమ్మం ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తాడు.

"అమ్మా మరిడమ్మ తల్లీ, ఈ ఆటా నువ్వే సూడు, కప్పూ నువ్వే సూడు. మా జట్టు కప్పు కొడితే మా జుత్తు మొత్తం నీకే."

జట్టు, జుత్తు, మొత్తం. ప్రాస కుదిరింది. అంత భయంలోనూ అది కుదిరినందుకు ఒక్క క్షణం మురిసిపోయాడు. వెనక జనం నవ్వారు. ఎందుకంటే జగన్నాధానిది బట్టతల. చెవుల మీద మిగిలింది జుత్తు కాదు, జుత్తు జ్ఞాపకం.

"నీ జుత్తుతో అమ్మవారికి బొట్టెట్టే కుంచె కూడా అవదు, మావా" అన్నాడు పక్కవాడు.

ఆ మాట పూర్తవకుండానే కెప్టెన్ లక్ష్ముడు గోలు కొట్టాడు. జనం గొంతులు సర్దుకునేలోగా ఇంకొకటి కొట్టాడు. పాలకొండ పాలు విరిగిపోయాయి. ఆ సాయంత్రం జగన్నాధం సోడా తాగుతూ ఇంటికి వస్తోంటే, గుడికి పసుపు తెచ్చిన అతని తల్లి జగ్గమ్మ వెనకనుంచి అందుకుంది.

"నువ్వేటి మొక్కినావో నీకు తెలస్తందేట్రా?"

"జుత్తు మొక్కినాను. ఉన్నదేదో ఇచ్చీస్తాను."

"నా జుత్తన్లేదు నువ్వు. మా జుత్తన్నావు. మా అంటే ఇంటిల్లిపాదిదీని. నీకు లేదు. నాది నాలుగు తెల్లెంటికలు. మరి మనింట్లో జుత్తన్నది ఎవుత్తికున్నాది?"

నోట్లోని సోడా జగన్నాధం ముక్కులోకి వచ్చింది.

"ఆడోళ్ళకి మూడు కత్తెర్లే కదా వాడుక. అవిచ్చీస్తే సరిపోదేటమ్మా?"

"ఎలగ సరిపోతాది? మొత్తం అన్నావు గదా."

"అది ప్రాస కోసం అన్నానే."

"ప్రాసెవురు?" అంది జగ్గమ్మ. ఆ చుట్టుపక్కల ఆ పేరుగల అమ్మవారున్నట్టు ఆవిడ ఎప్పుడూ వినలేదు. "మీ సిన్న మావయ్య కోడిని మొక్కి కోడిపిల్లనిచ్చినాడు. ఏడాది తిరక్కుండా మూతి వంకరపోనాది. మరి నీ ఇష్టం."

జగన్నాధం అప్రయత్నంగా మూతి తడుముకున్నాడు.

ఇంకొకరి జుత్తయితే అతనికి అంత దడ పుట్టేది కాదేమో. తాయారుకి అయిదేళ్ళ కిందట టైఫాయిడ్ వచ్చి మనిషి దక్కింది గాని జుత్తు దక్కలేదు. దువ్వెన పెడితే గుప్పెళ్ళతో వచ్చేసింది. ఆమె నెత్తిన గుడ్డ కట్టుకుని, నూతి దగ్గరికి అందరూ వెళ్ళిపోయాక వెళ్ళేది. పేరంటాలకి పిలిస్తే తలనొప్పి అనేది. ఓసారి అతను అలవాటు కొద్దీ "తలలేకపోతే నొప్పి ఉండదు, జుత్తు లేకపోతేనేటి" అన్నాడు. ఆమె నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వీపు అతనికింకా గుర్తుంది. జుత్తు మళ్ళీ వచ్చి, భుజాలు దాటి, నడుము దాకా దిగింది ఈమధ్యే. ఈమధ్యే ఆమె కనకాంబరాలు పెట్టుకోవడం మొదలెట్టింది.

ఫైనల్ వచ్చే ఆదివారం. అవతలి జట్టు బొబ్బిలి.

ఆ వారమంతా జగన్నాధం కొట్లో కూర్చోలేకపోయాడు. దండేల మీద ఆరేసిన గోగునార గాలికి ఊగుతోంటే, విప్పేసిన జడలన్నీ వరసకట్టి తనకేసే చూస్తున్నట్టుండేది. మోపు చుట్టాలని చేతికి తీసుకున్న నారని మళ్ళీ దండెం మీదే వేసేసేవాడు. ఇంటికొస్తే తాయారు గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటూ ఉండేది.

"ఏటి బావ, ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉన్నాది."

"మరి నా జడకేసి అలగ సూస్తావేటి, పామునో సూసినట్టు?"

చెప్పాలని నోరు తెరిచాడు. ఊళ్ళో ఎవరి మీదనైనా ఆగకుండా తిరిగే ఆ నోరు, ఇంట్లో అంగుళం కదల్లేదు. "పెరిగినాది" అన్నాడు చివరికి.

"పెరుగుతాది మరి" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి ఇంకా భయమేసింది.

ఆదివారం మైదానం నిండిపోయింది. జగన్నాధం ఎప్పటిలాగే గోలు వెనకాల, క్లబ్బు అభిమానుల మధ్య నిలబడ్డాడు గాని, గుడి కేసి మాత్రం చూడలేదు. ఆట మొదలైన కాసేపటికే బొబ్బిలి గోలు కొట్టింది. చుట్టూ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో చప్పట్లు కొడుతున్నారు. ఎవడా ద్రోహి అని చూస్తే, అవి తన చేతులే.

పక్కనున్న వాళ్ళంతా అతని కేసి తిరిగారు. అందులో ఒకడి చేతిలో వెదురు కర్ర ఉంది.

"మావా, నువ్వెవురి పక్క?"

"దోమ" అన్నాడు జగన్నాధం, అరచేతులు చూపిస్తూ. "దోమని కొట్టినాను."

"మిట్టమద్దేనం దోమేటి?"

"బొబ్బిలి దోమ. వాయిస్తంది."

ఎవరూ నవ్వలేదు. అతని చెమట చొక్కా దాటి పంచెలోకి దిగింది. ఇటు ఈ కర్రకి భయం, అటు అమ్మవారికి భయం, ఇంటి దగ్గర తాయారు కళ్ళకి భయం. అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన జట్టు ఓడిపోవాలని తను కోరుకుంటున్నాడు. ఆ కోరిక అమ్మవారికి వినబడిపోతుందేమోనని నోరు మూసుకున్నాడు. వినబడదేమోనని కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకుని ఉండగానే చీపురుపల్లి గోలు కొట్టింది. కేక గుండెల్లోంచి సగం దాకా ఎగిరి, గొంతులో వెనక్కి తిరిగి, మూలుగై బయటికొచ్చింది. ఇక ఎవరు గెలిచినా ఓడేది తనే. బొబ్బిలి బంతి గోలు పక్కనుంచి పోతే అతని పక్కవాళ్ళు ఊపిరి పీల్చుకునేవారు, అతను వదిలేవాడు. వాళ్ళు వదిలినప్పుడు అతను బిగబట్టేవాడు. ఆట అయ్యేసరికి ఊరందరి ఊపిరికీ అతని ఊపిరికీ పొత్తు లేకుండా పోయింది.

చివరికి లక్ష్ముడు ఇద్దర్ని తప్పించుకుని బంతిని నెట్టులోకి నెట్టాడు. రిఫరీ ఈల వేశాడు. చీపురుపల్లికి కప్పు వచ్చింది. జగన్నాధానికి ఇంటికప్పు నెత్తిన పడినట్టయింది. జనం అతన్ని పైకెత్తి, "మొక్కిన మావా" అంటూ ఊపేశారు. వాళ్ళు కిందికి దించగానే అతను కొట్టుకేసి పారిపోయాడు.

నార మోపుల వెనకాల నక్కి కూర్చున్నాడు. ఇంటికి వెళ్ళి ముందు కాళ్ళు పట్టుకోవాలా, లేక రైలెక్కి ముందు ఊరు దాటాలా అని ఆలోచిస్తుండగా గుమ్మంలో జగ్గమ్మ నీడ పడింది.

"ఇక్కడున్నావేటి? లెగు. నూకయ్య కత్తి నూరీసినాడు. పొద్దోలితే మొక్కు పనికిరాదు."

"తాయారికి ఇంకా సెప్పలేదే అమ్మా."

"సెప్పడానికేటున్నాది? తాయారు ఎప్పుడో గుడికి ఎల్లిపోనాది."

అతను మోపుల వెనక్కి ఇంకాస్త జరిగాడు. తల్లి రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. దారి పొడుగునా బాజాలు మోగుతున్నాయి, కప్పుని ఎవరో సైకిలు మీద ఊరేగిస్తున్నారు. అతనికి మాత్రం దూరం నుంచే, తోలుపట్టీ మీద కత్తి సాన పడుతున్న చప్పుడు వినిపించింది.

గుడి ముందు నేల మీద నల్లటి జుత్తు కుప్ప పోసి ఉంది. మంగలి నూకయ్య కత్తి తుడుచుకుంటున్నాడు. అమ్మవారికి ఎదురుగా తాయారు కూర్చుని ఉంది. నెత్తిన కొంగు నుదుటి దాకా కప్పుకుని, టైఫాయిడ్ రోజుల్లో కూర్చున్నట్టే.

జగన్నాధం అక్కడే చతికిలబడ్డాడు. అతని నోట ప్రాస రాలేదు, శ్లేష రాలేదు. "తాయారూ" అన్న ఒక్క మాట వచ్చింది, అదీ సగమే.

ఆమె వెనక్కి తిరిగింది. కొంగు జారింది. కిందనున్న జడ జడలాగే ఉంది, కనకాంబరాలతో సహా.

"ఏటి బావ, అలగ కూలబడిపోనావు?"

"మరి ఇది... ఈ జుత్తు..."

"మాది మావా" అన్నాడు గుడి వెనకనుంచి వచ్చిన లక్ష్ముడు. అతని గుండు పసుపు రాసిన కొబ్బరికాయలా మెరుస్తోంది. నుదుటి మీద పడే ఆ ఉంగరాల జుత్తు చూసుకునే అతను ఆడతాడని ఊళ్ళో అనుకునేవారు. అతని వెనకాల జట్టంతా తలలు తడుముకుంటూ నిలబడింది. "అందరం అయిపోనాం. గోల్ కీపరొక్కడే సింతసెట్టెక్కీసినాడు. దిగమంటే దిగడు."

జగన్నాధానికి ఏమీ అర్థం కాలేదు. తాయారు లేచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మొక్కు సంగతి అత్త ఆ రోజే సెప్పీసినాది. నువ్వు సెప్తావని సూసినాను. సెప్పలేదు. సరే, నానే ఆలోసించుకున్నాను. మా జట్టు కప్పు కొడితే మా జుత్తు. ఇదే కదా నువ్వన్నది?"

"ఇదే."

"మొదటి మా ఎవురో, రెండో మా ఆళ్ళే. మొదటి మాలో నానున్నానేటి? ఇన్నేళ్ళల్లో నన్నొక్కసారి ఆటకి తీసుకెళ్ళినావా? మీరు ఓడితే నాను అన్నం కుక్కకి పెట్టాల, గెలిస్తే నాను తలుపు బాగుసేయించాల. ఆ జట్టులో నాను లేను. నాను లేని జట్టుకి నా జుత్తెందుకిస్తాను?"

జట్టంతా నేల చూపులు చూసింది. వాళ్ళని ఒప్పించడానికి ఆమె పెద్దగా కష్టపడలేదు. "వచ్చే ఏడు కప్పు మీకొద్దంటే మానీండి" అందట, అంతే.

"అమ్మవారి తల మీద పువ్వెట్టి అడిగినాం" అంది జగ్గమ్మ. "కుడిపక్కకే రాలినాది. ఆవిడికీ ఆడదాని జుత్తు సంగతి తెలుసు."

జగన్నాధానికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆ ప్రాణానికి ఏదో గుచ్చుకుంది. ఆ 'మా'లో తాయారు లేనందుకు ఇవాళ బతికిపోయాడు. లేదన్న మాట మాత్రం ఆమె చాలాకాలంగా దాచుకున్నట్టుంది. వెళ్ళి నూకయ్య ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

నూకయ్య ఆ తల చుట్టూ ఓసారి తిరిగి చూశాడు. "ఇక్కడ నాకంటే ముందే ఎవురో పనిసేసీసినారు, బాబూ."

తాయారు నవ్వింది. నవ్వి, "ఈపాలి ఆటకి నన్నూ తీసుకెళ్ళు" అంది.

తీసుకెళ్ళాడు. బొబ్బిలి వాళ్ళు పంతం కొద్దీ తమ ఊళ్ళో మళ్ళీ ఆట పెడితే, చీపురుపల్లి స్టేషన్లో రైలెక్కించి పక్కన కూర్చోబెట్టుకుని మరీ తీసుకెళ్ళాడు. జట్టు వాళ్ళ తలలు అప్పటికి పనసకాయల్లా గరగరలాడుతున్నాయి. తాయారు కొత్త చీర కట్టుకుంది, జడ నిండా పూలు పెట్టుకుంది. మొదట్లో, "ఆ ఈల ఎందుకేసినాడు? ఆడు పడిపోతే మీరెందుకు నవ్వుతన్నారు?" అని అడిగింది. కాసేపటికి అడగడం మానేసింది. ఇంకాసేపటికి లేచి నిలబడింది. లక్ష్ముడికి బంతి అందితే ఆమె గొంతు మైదానం అవతలి గట్టుకి తగిలి తిరిగొచ్చింది. జగన్నాధం ఆమెకేసి ఆశ్చర్యంగా చూశాడు. ఇంట్లో ఇంత గొంతుందని తలుపుకి కూడా తెలియదు.

అప్పుడు బొబ్బిలి గోలు కొట్టింది.

తాయారు మొహం పాలిపోయింది. అతని భుజం పట్టుకున్న ఆమె వేళ్ళు వణికాయి. ఆ వణుకు అతనికి బాగా తెలుసు. ఆమె కళ్ళు మూసుకుని, చీపురుపల్లి ఉన్న దిక్కుకి తిరిగి, రెండు చేతులూ ఎత్తింది.

"అమ్మా మరిడమ్మ తల్లీ, మా..."

జగన్నాధం ఎగిరి ఆమె నోరు మూశాడు. ఆమె అతని వేలు కొరికింది. అయినా చెయ్యి తియ్యలేదు. ఇప్పుడామె ఆ 'మా'లో ఉంది. తనే రైలెక్కించి తెచ్చి, చేర్చాడు.

అమ్మవారికి ఎంతవరకు వినబడిందో తెలియదు. 'మా' దాకా వినబడే ఉంటుంది. తర్వాతి మాటని ఆవిడ ఏమని పూరించుకుందో కనుక్కునే దారి లేదు. ఆట ఇంకా సగమే అయింది. లక్ష్ముడు బంతితో బొబ్బిలి గోలు కేసి దూసుకుపోతున్నాడు. జగన్నాధం ఒక చేత్తో భార్య నోరు మూసి, రెండో చేత్తో ఆమె జడ గట్టిగా పట్టుకుని, వణుకుతూ చూస్తున్నాడు.