ఎండతో నడిచే చల్లపెట్టె

చిన్న కుండని పెద్ద కుండలో దించి, రెండిటి మధ్య ఉన్న ఇసుక మీద చెంబుతో నీళ్లు పోసేదాన్ని. ఒక్కసారిగా పోస్తే అడుగునుంచి కారిపోతాయి. కొంచెం పోసి, ఇసుక పీల్చుకునేదాకా ఆగి, మళ్లీ పోయాలి. పైన తడిగుడ్డ కప్పాలి. లోపలి కుండలో ఒక ప్లాస్టిక్ డబ్బా, ఆ డబ్బాలో మా ఆయన ఆదిబాబు వాడే ఇన్సులిన్ సీసాలు రెండు. టాటానగర్‌లో, భాలుబాసా పేటలో మేముండే రెండు గదుల అద్దె ఇంట్లో అప్పట్లో పొద్దున్నే నేను చేసే మొదటి పని ఇది.

పక్కింటివాళ్లకి ఫ్రిజ్ ఉంది. అడిగితే పెట్టుకోమనే అంటారు. మా అత్త నూకమ్మ అడగనివ్వలేదు. ముప్పై ఏళ్లు నిండకుండానే కొడుకు సూది పొడుచుకుంటున్నాడని నలుగురికీ తెలియడం ఆమెకి ఇష్టం లేదు. ఆదిబాబు భయం వేరు.

ఆయన రైలు పట్టాలు అతికే వెల్డింగ్ ముఠాలో పనిచేస్తాడు. కాంట్రాక్టరు కింద పని. లైను మీద పని ఎంత దూరం జరిగితే ముఠా అంత దూరం జరుగుతుంది. వాళ్లు ఉండేది పాత కంటైనరుకి కిటికీలు కోసి చేసిన గదిలో. దాన్ని డబ్బా అంటారు. ఒక చోట పని అయిపోగానే డబ్బాని లారీ మీదికి ఎక్కించి ఇంకో స్టేషను పక్కన దింపుతారు. అందులో ఆరుగురు పడుకుంటారు. కరెంటు లేదు. వంట వేళకి మాత్రం జనరేటరు వేస్తారు. వానలు ఆగిన రోజు మధ్యాహ్నం లోపలి గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుందట. అలాంటి చోట ఇసుక కుండ నిలవదు, మందూ నిలవదు.

ఆ ముఠాలో పోయిన వానాకాలం ఒకతనికి పట్టాల పక్కనే మూర్ఛ వచ్చింది. ఆ సాయంత్రమే కాంట్రాక్టరు అతని సంచి సర్దించి ఇంటికి పంపేశాడు. అది చూసి వచ్చిన దగ్గర్నుంచి ఆదిబాబు తన జబ్బు సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

పోయినసారి పని నుంచి వచ్చినప్పుడు మందు సీసా దాదాపు నిండుగానే ఉంది. వేడికి పాడైపోయిందని వాడలేదన్నాడు. ఉతకడానికి సంచిలో బట్టలు తీస్తుంటే సూదుల ప్యాకెట్టు దొరికింది. దాని మూత కూడా చింపలేదు. వెళ్లిన మొదటి రోజు మందు బాగానే ఉండాలి కదా. నేను ఆ ప్యాకెట్టుని తీసి గూట్లో పెట్టాను. అదే రోజు ఆయన ఎడమ మడమ చూశాను. బూటు ఒరుసుకున్న చోట పుండు పడి, ఎండకుండా, చుట్టూ నల్లబడింది. డాక్టరు దానికి కట్టు కట్టి, మందు మానితే ఈ కాలు పోతుందని ఆయన మొహం మీదే చెప్పాడు.

ఎండతో నడిచే చిన్న ఫ్రిజ్ కొందామన్నది మా మామయ్య సీతారాం. ఆయన టాటానగర్‌లో రైలు పెట్టెల మరమ్మతు షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. గోవింద్‌పూర్‌లో ఆయన స్నేహితుడి కొడుకు లారీ క్యాబిన్లో అలాంటిది పెట్టుకుని దూరాలు తిరుగుతున్నాడని విని, వెళ్లి చూసి వచ్చారు. ముగ్గురం కలిసి సాక్చీ బజారుకి వెళ్లాం.

దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి నీలం రంగుది, తేలిక, పైన పిడి. పిక్నిక్‌కి తీసుకెళ్లే డబ్బాలా ఉంది. రెండోది బూడిద రంగుది, బరువు. లోపల ఇంటి ఫ్రిజ్‌కి ఉన్నట్టే చిన్న కంప్రెసర్ ఉంది. రెండూ బ్యాటరీ మీద నడుస్తాయి. మడతపెట్టే సోలార్ పలకతో ఆ బ్యాటరీని ఎండలో నింపుకోవాలి. ఆదిబాబు నీలం డబ్బాని ఒంటి చేత్తో ఎత్తి చూశాడు. ఇదైతే ఎవరైనా నీళ్ల డబ్బా అనుకుంటారన్నాడు. లోపల ఎంత చల్లగా ఉంటుందో మాత్రం ఆయన అడగలేదు. అడగమని మామయ్యకి మెల్లగా చెప్పాను.

దుకాణదారు హిందీలో ఉన్నదున్నట్టు చెప్పాడు. నీలం డబ్బా బయటి వేడికన్నా కొంత తగ్గిస్తుందంతే. బయట మండిపోతుంటే లోపల గోరువెచ్చగానే ఉంటుంది. కూల్‌డ్రింకులకి సరిపోతుంది, మందుకి సరిపోదు. బూడిద రంగుదైతే చల్లదనం పెంచే మర ఎక్కడికి తిప్పితే అక్కడ నిలబడుతుంది, కావాలంటే ఐస్ కూడా కడుతుంది. మందు పెట్టేవాళ్లు మాత్రం మర సగం దాటి తిప్పకూడదన్నాడు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదట.

బరువుది తీసుకుందామన్నారు మామయ్య. ఆదిబాబు మొహం తిప్పుకున్నాడు.

"ఇంత బరువు మోసుకుని ఎల్తే అందరూ అడుగుతారు, లోపలేటుందని."

"అడిగితే సెప్పు," అన్నారు మామయ్య.

తండ్రీకొడుకులిద్దరూ అలా నిలబడిపోతే, అడుగున మందు పెట్టుకుని పైన నీళ్ల సీసాలు పేర్చుకోవచ్చని నేనన్నాను. ఆయన నా వైపు చూశాడు. తరవాత ఆ బరువు పెట్టెనే దింపి బయటికి తెమ్మన్నాడు.

షెడ్డులో పరీక్ష చెయ్యకుండా ఏ పెట్టెనీ లైను మీదికి వదిలేవాళ్లం కామని, ముందు ఇంట్లో నడిపి చూడాలని మామయ్య పట్టుబట్టారు. డాబా మీద పలక పరిచి, కిటికీలోంచి వైరు దింపారు. కుండలోని సీసాలు పెట్టెలోకి మారాయి. పొద్దున్నా సాయంత్రం నేను స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టి, తీసి, చేత్తో పట్టుకుని చూసేదాన్ని. మబ్బు పట్టిన రోజు కూడా గ్లాసు చల్లగానే ఉంది. ఆదిబాబు ఆ నీళ్లు తాగి, ఇంత చల్లటి నీళ్లు డబ్బా గదిలో దొరికితే ముఠా మొత్తం తన కాళ్లు పట్టుకుంటుందని నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది. రెండు పూటలా కర్టెను వెనక్కి వెళ్లి సూది వేసుకునేవాడు. నేను సీసాని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి ఇచ్చేదాన్ని. అలా దొర్లిస్తే అడుగున దిగిన తెలుపు కలిసి, మందు పలచటి పాలలా అవుతుంది.

విశ్వకర్మ పూజ మర్నాడు ప్రయాణం.

ఈ ఊళ్లో ఆ పూజ అందరిదీ. కార్ఖానాల నుంచి సైకిల్ షాపుదాకా ప్రతిచోటా పనిముట్లు కడిగి, బొట్టు పెట్టి, దండలు వేస్తారు. ఆ రోజు మర ఆడించరు. మామయ్య షెడ్డులో చేసినన్నాళ్లూ ఆ రోజు పానా పట్టలేదు. రిటైరయ్యాక కూడా పాత పానాలు, నా కుట్టుమిషను, ఇంట్లో ఫ్యాను, అన్నిటికీ పూజ చేసి మర్నాటిదాకా ముట్టనివ్వరు. ఫ్యాను లేకుండా ఆ మధ్యాహ్నం మేం చెమటలు కక్కుకోవడం మా ఇంటి ఆనవాయితీ.

నేనూ ఆదిబాబూ ముఠా వాళ్ల పూజకి యార్డుకి వెళ్లాం. భోజనాలు అక్కడే అయిపోయి, ఆ పూట సూది తప్పిపోయింది. తిరిగొచ్చేసరికి పొద్దుపోయింది. చల్లపెట్టె మీద బంతిపూల దండ, నాలుగు మూలలా గంధం బొట్లు. సోలార్ పలక గాజుకి కూడా కుంకం పెట్టి గోడకి చేర్చారు. పెట్టె లోపల్నుంచి ఎప్పటిలాగే సన్నటి రొద వినిపిస్తోంది. అది విని నేను నిశ్చింతగా పడుకున్నాను.

పొద్దున్న ఆదిబాబు స్నానానికి వెళ్లినప్పుడు, సర్దుదామని మూత తీశాను. పైనున్న నీళ్ల సీసాలు రాయిలా ఉన్నాయి. వాటిని తీస్తే వేళ్లు అంటుకున్నాయి. అడుగున మందు సీసాలు రెండూ పెట్టె గోడని ఆనుకుని, లోపల తెల్లగా బిగిసి ఉన్నాయి. మర చివరిదాకా తిప్పి ఉంది.

రెండు సీసాల్నీ గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. కరిగాయి. అరచేతుల మధ్య దొర్లించాను. పాలలా కాలేదు. విరిగిన పాలలా సన్నటి పలుకులు గాజుకి అంటుకుని కిందికి జారాయి. మళ్లీ దొర్లించాను. మళ్లీ అలాగే.

అత్త వంటగది లోంచి చూసింది. నా దగ్గరికి వచ్చి కింద కూర్చుంది. నిన్న మేం వెళ్లగానే మామయ్య బ్యాటరీ వైరు పీకేసి పెట్టెకి పూజ చేశారని, మరకి ఒక్క రోజైనా విశ్రాంతి ఇవ్వాలన్నారని చెప్పింది. సాయంత్రం ఆయన గుడికి వెళ్లినప్పుడు ఆమె చెయ్యి పెట్టి చూస్తే లోపల చల్లదనం తగ్గినట్టనిపించింది. కంగారుపడి వైరు తగిలించి, బేగి చల్లబడాలని స్టవ్వు మంట పెంచినట్టు మర పూర్తిగా తిప్పేసింది.

"కరిగిపోనాది గదా, ఇంకేటి?" అంది నా మోకాలి మీద చెయ్యి వేసి. "ఆడికి సెప్పకమ్మీ. ఆల నాన్న ఆపినాడని తెలిస్తే ఎల్లేటప్పుడు గొడవడి ఎల్తాడు."

మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. మేమిద్దరం ఆయన్ని అప్పుడే చూశాం. ఆయన మెల్లగా బల్ల మీద కూర్చుని, గోడకి చేర్చిన పలకని తన ఒళ్లోకి తీసుకున్నారు.

ఆదిబాబు తల తుడుచుకుంటూ వచ్చాడు. సీసాలు చూపించి జరిగింది చెప్పాను. గొడవ అవుతుందని అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన సీసాని వెలుతురుకి పట్టి చూశాడు. కోపం రాలేదు. ఆయన భుజాలు కిందికి దిగాయి. పరీక్ష వాయిదా పడిందని తెలిసినప్పుడు మా ఊరి బడిలో పిల్లలు అలాగే ఊపిరి వదిలేవాళ్లు.

"పోనీలే," అన్నాడు. "ఈసారికి ఇలా కానియ్. వచ్చినాక సూద్దాం."

పెద్దాసుపత్రి ఎదురుగా మందుల షాపు రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, ముఠాని తీసుకెళ్లే బండి ఎలాగూ అటే వెళ్తుంది, దిగి కొనుక్కోమన్నాను.

"అందరి ముందూ బండి ఆపమంటానా, మందుల షాపు కాడ?" అని చొక్కా తొడుక్కున్నాడు. ఖాళీ పెట్టెలో నీళ్ల సీసాలు మళ్లీ పేర్చాడు. గూట్లో ఉన్న సూదుల ప్యాకెట్టు నేను తీసి సంచి మీద పెడితే, దాన్ని తీసి మంచం మీద పడేశాడు. బూటు తొడుక్కుంటూ మడమ దగ్గర ఒక్క క్షణం పళ్లు బిగించాడు.

బయట బండి హారన్ మోగింది. మురళి లోపలికి వచ్చాడు. ముఠాకి మేస్త్రి అతనే. మనుషుల సంగతి కాంట్రాక్టరుకి చేరేది అతని నోటనే. ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి అని నవ్వించకుండా వెళ్లడు. దండ వేసిన పెట్టెని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేటి చెల్లెమ్మా, మా ఆదిగాడికి సారె కట్టి పంపుతన్నావేటి?" అన్నాడు. "దండ కూడా ఏసీసినారు. పెళ్లి ఆడికా, పెట్టెకా?"

అత్త నవ్వబోయి ఆగిపోయింది.

"నీళ్లకిరా," అన్నాడు ఆదిబాబు, లేసు కడుతూ. "సల్లటి నీళ్లకి."

"నీళ్లకేనా? సహీ బతా, నిజం సెప్పు. నీళ్లకి ఎవుడైనా ఇంత పెట్టె మోత్తాడేటి? రాత్రికి సూత్తాంలే లోపలేటుందో."

మురళి మూత మీద చెయ్యి వేశాడు. ఆదిబాబు చెయ్యి లేసు మీదే ఆగింది. మంచం మీద సూదుల ప్యాకెట్టు నాకు కనిపిస్తోంది. ఈసారి వచ్చేసరికి దాని మూత ఎలా ఉంటుందో, ఆ మడమ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆరుగురి మధ్య పడుకునే మనిషి ఎవరికీ తెలియకుండా రోజుకి రెండుసార్లు సూది వేసుకోలేడు. ఎంత మంచి పెట్టె కొన్నా అంతే.

"అది నీళ్లకి కాదు, మురళన్నయ్యా," అన్నాను. "ఆయన ఇన్సులిన్‌కి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆగితే మళ్లీ రాదని, ఆగకుండా చెప్పేశాను. నిన్న మందు గడ్డకట్టి పాడైందని, దారిలో కొత్తది కొనాలని, మర సగం దాటి తిప్పకూడదని, రెండు పూటలా తినే ముందు వేసుకోవాలని. డాక్టరు రాసిన చీటీ, సూదుల ప్యాకెట్టు అతని ముందు పట్టుకున్నాను. "మీరు చూడకపోతే ఆయన వేసుకోరు. కాలు చూడండి."

మురళి కాలు చూశాడు. బూటు అంచున కట్టు కొస కనిపిస్తోంది. అతని మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

"ఎన్నాళ్ల నుంచిరా?" అని అడిగాడు.

ఆదిబాబు లేసు ముడి వేశాడు. విప్పి మళ్లీ వేశాడు.

మురళి చీటీని మడిచి జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకున్నాడు. సూదుల ప్యాకెట్టు కూడా తీసుకున్నాడు. "షాపు కాడ ఆపుతాను," అన్నాడు నాతో. "కాంట్రాక్టరుకి ఏటి సెప్పాలో, సెప్పాలో వద్దో... దార్లో ఆలోసిత్తాను. మాట ఇయ్యనేను చెల్లెమ్మా." దండ తీసి కుర్చీ మీద పెట్టి, పెట్టెని రెండు చేతులా ఎత్తి బండి దగ్గరికి మోసుకుపోయాడు.

మామయ్య అప్పటికి తువ్వాలు కొస తడిపి, పలక గాజు మీది కుంకం తుడుస్తున్నారు. ఎర్రటి మరక ముందు పరుచుకుంది. ఇంకో రెండుసార్లు తుడిస్తే పోయింది. పలకని మడతపెట్టి లేచి నిలబడ్డారు. కొడుకు వైపు చాపారు.

ఆదిబాబు సంచి భుజానికి తగిలించుకున్నాడు. నా వైపు చూడలేదు. అత్త "జాగర్తరా" అంటే తల తిప్పలేదు. ఎప్పుడూ గడప దగ్గర ఆగి, బూట్లు సరిచేసుకుంటున్నట్టు వంగి, వెళ్లొస్తానని నాకు మాత్రమే వినిపించేలా అనేవాడు. మామయ్య చేతుల్లోంచి పలక తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ, ఆగకుండా గడప దాటి వెళ్లిపోయాడు.