నాలుక మీద చురుకు

వెర్మాంట్ కొండల్లో మేకపాలతో సబ్బులు చేసే కొరీన్‌కి నోరు ఎంత దురుసో పని అంత నిక్కచ్చి. సబ్బు పచ్చిగా ఉందో లేదో తేల్చడానికి ఆమెకు పరికరాలు అక్కర్లేదు. బూడిద నీళ్ళు కాచి సబ్బు చేసిన ముత్తవ్వల కాలం నుంచీ అక్కడివాళ్ళది ఒకటే పరీక్ష: నాలుక ఆనించడం. చురుక్కుమంటే కాస్టిక్ సోడా ఇంకా మిగిలి ఉన్నట్టే. అది ఒంటికి రుద్దితే తోలు ఊడుతుంది. సర్కారు సంగతంటారా, చర్మరోగం తగ్గిస్తుందని పొట్లం మీద రాస్తే మీద పడుతుంది గానీ, ఉత్త సబ్బంటే తొంగి కూడా చూడదు. తనిఖీ అంతా ఆ నాలుకదే.

ఆ శనివారం సంతలో మొదటి బేరం పక్క లోయలో ఉండే వాండా పిన్నిది. మనవడికి ఇవాళే సబ్బుతో మొదటి స్నానం అని మురిసిపోతూ ఒక బిళ్ళ పట్టుకుపోయింది. తర్వాత వచ్చినాయన బిళ్ళను అటూ ఇటూ తిప్పాడు.

"ఇది మండదని నమ్మకమేంటమ్మా?"

"నా నాలుకే నమ్మకం, చూడండి!" అని కొరీన్ అదే వాయిలోని ఇంకో బిళ్ళ నాకింది.

నాలుక భగ్గుమంది.

తూకంలో ఎక్కడో సోడా ఎక్కువ పడింది. మరి అప్పుడు తెలియలేదేం? పన్ను పీకించుకుని, మత్తు దిగకముందే ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ ఈ వాయిని నాకి "భేష్" అనుకున్న రోజు గుర్తొచ్చింది. మొద్దుబారిన నాలుకతో పరీక్ష! బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఫోన్ మోగుతోంది తప్ప వాండా ఎత్తదే! "ఎవరూ ముట్టుకోకండి!" అని సబ్బుల మీద దుప్పటి కప్పేసి కొరీన్ ట్రక్కు ఎక్కింది. కరిగిన మంచు బురదలో చక్రాలు కూరుకుపోతుంటే గేరు తగ్గించి ముందుకే తోలింది. వెన్నముద్దలాంటి ఒళ్ళు ఆ పసివాడిది. దేవుడా, నీళ్ళు ఇంకా కాగి ఉండకూడదు.

వాకిట్లోకి రాగానే లోపల పిల్లాడి కేక. కొరీన్ తలుపు తోసుకుని వంటింట్లోకి పరిగెత్తింది. సింకులో పసివాడు, వాండా చేతుల్లో నురగ.

"ఆగు పిన్నీ! వాణ్ణి ముట్టుకోకు!"

బిళ్ళ లాగి పారేసి, వాండా చేతులు కుళాయి కింద పెట్టింది. పిల్లాడి ఒంటి మీద నీళ్ళు తప్ప నురగ లేదు.

"ఏమే, కొంప అంటుకున్నట్టు ఆ రావడమేంటి? వాడికి నీళ్ళంటే భయం, అందుకే ఆ రాగం."

"ఆ సబ్బు పాడైంది పిన్నీ. సోడా ఎక్కువ పడింది."

వాండా ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేనూ నాకి చూశానే. చురుక్కుమంది," అంది మెల్లగా.

"మరి రుద్దబోయావేం?"

"నీ సబ్బులో తప్పుంటుందా? నా నాలుకే ముసల్దయిపోయిందనుకున్నా."