పొట్టి రెక్క

మొగులయ్య చెక్క విమానం పొట్టకు రెండో పూత నీలం వేస్తూ నాంపల్లి స్టేషన్ రోడ్డును తిడుతున్నాడు. టాంగా పోయిన ప్రతిసారీ దుమ్ము లేచి తడి రంగు మీద వాలుతోంది. చిటికెన వేలి గోటితో ఒక్కో నలుసూ తీస్తూ, నలుసుకో తరం చొప్పున టాంగావాడి వంశాన్ని తిట్టాడు.

మీసం మొలిచిన నాటి నుంచి బోర్డులు రాస్తున్నాడు. ఆబిడ్స్‌లో సగం దుకాణాలకు పేరు పెట్టిన చేతికి పేరు రాలేదు. పైగా బోర్డు ఒకవైపు పని. వెనక రేకు తుప్పు పట్టినా అడిగేవాడు లేడు. అన్ని వైపులా చూడదగ్గ వస్తువు ఒక్కటైనా చెయ్యాలని తల నెరిశాక పంతం పట్టాడు.

కుంచెలు తుడవడానికి తూకానికి కొన్న రష్యా పత్రికల్లో కనిపించింది ఈ యుద్ధవిమానం. ఆ ఒక్క పేజీకి కుంచె తుడవలేదు. పేరు యాక్. కక్కినట్టున్నది, అదేం పేరని భార్య అనసూయ మొహం చిట్లించింది. మొజంజాహీ మార్కెట్‌లో అడుక్కొచ్చిన పండ్ల పెట్టెల చెక్కను నెలల తరబడి చెక్కాడు. మీద ఆకుపచ్చ, పొట్టకు ఆకాశంలో కలిసిపోయే నీలం, తోకకు ఎర్ర నక్షత్రం. పగలంతా ఊరికోసం రెక్కల కష్టం, పొద్దున కాసేపు తనకోసం ఈ రెక్కల కష్టం.

బొమ్మల దుకాణం ఇంద్రసేన చూసి, దీపావళికి ఆబిడ్స్‌లో తన దుకాణం నడుమ వేలాడదీస్తానన్నాడు. తన చేతిపనిని నలుగురూ తలెత్తి చూస్తారని మొగులయ్యకు ఆరోజు నుంచి అన్నం సయించలేదు.

మధ్యాహ్నానికి రంగు ఆరింది. చంటిపిల్లను మోసినట్టు దుకాణానికి మోసుకెళ్ళి, నిచ్చెనెక్కి కొక్కేనికి తగిలించాడు. విమానం ఒక పక్కకు ఒరిగింది.

కింద నిలబడ్డ ఇంద్రసేన నవ్వాడు. "గిదేంది మొగులయ్యా, రష్యాల చెక్కకు కరువొచ్చిందా? ఎడమ రెక్క పొట్టిగున్నది."

మొగులయ్య చూశాడు. నిజమే. ఆ ఫోటో పక్కనుంచి తీసింది. అవతలి రెక్క దూరంగా ఉండి పొట్టిగా పడింది. బొమ్మ మీద గళ్ళు గీసి, ఆ గళ్ళను పెంచి బోర్డు మీదికి దించడమే అతని విద్య. పొట్టిదాన్ని పొట్టిగానే దించాడు. ఇన్నాళ్ళూ ఫోటోను చూశాడు గాని చెక్కను చూడలేదు.

"పోనీ తియ్. పొట్ట మీద మన దుకాణం పేరు రాయి, పెద్దగ. అందరు కిందికెల్లే గదా చూసేది."

"నీ పొట్ట మీద మస్తు జాగున్నది సేఠ్. గాడ రాస్త, అంగి లేపు."

విమానాన్ని విప్పుకొని దిగేసరికి ఊపిరి అందలేదు. కోపమనుకున్నాడు. విమానంతో వెళ్ళినవాడు అవమానంతో తిరిగొస్తుంటే, దారి పొడవునా తను రాసిన అక్షరాలే ఎగతాళిగా చూశాయి. ఇంద్రసేన దుకాణం పేరు రాయమన్నందుకు మండింది. రెక్క గురించి నిజం చెప్పినందుకు అంతకన్నా మండింది.

ఇంటికొచ్చాక అనసూయ అన్నం తినమంటే తినలేదు. పొట్టి రెక్కను కోసి పారేశాడు. ఈసారి ఫోటో ముట్టలేదు. పొడుగు రెక్కనే చెక్క మీద బోర్లించి చుట్టూ పెన్సిల్ తిప్పాడు. పొద్దు వాలేలోగా కొత్త రెక్క చెక్కి, జిగురుతో అతికించి, దారంతో బిగించి గోడ గూట్లో పెట్టాడు.

"ఆరెదాంక ముట్టకు," అన్నాడు. తర్వాత భుజం పట్టుకున్నాడు. "ఎడమ జబ్బ గుంజుతున్నదే."

దినమంతా రుద్దితే గుంజదా అని, అనసూయ కంచం కడిగి అన్నం పెట్టుకొచ్చింది. మొగులయ్య గోడకానుకొని కళ్ళు మూసుకున్నాడు. అన్నం చల్లారింది. అతను లేవలేదు.

మర్నాడు ఇంద్రసేన పూలదండతో వచ్చాడు. దాన్ని శవం మీద వేశాడు. మొగులయ్య గుర్తుగా దుకాణంలో పెట్టుకుంటానంటూ, దుకాణం పేరు చిన్నగానే రాయిస్తానంటూ, గూటి వైపు చెయ్యి చాపాడు.

"ముట్టకుండ్రి సేఠ్," అంది అనసూయ. "ఇంక ఆరలే."

గూట్లో విమానం దారపు కట్లతో ఉంది. రెండు రెక్కలూ సమానం. కొత్తదానికి రంగు లేదు. నీలం పొట్ట మీద ఎవరి పేరూ లేదు.