రాని కారుకు రెండు చెక్కలు

నోట్లో ఈల, రెండు చేతులూ గాల్లో, అప్పలరాముడు వెనక్కి నడుస్తున్నాడు. ఎదురుగా సిమెంటు లారీ. వేళ్లతో పిలుస్తూ, అరచేత్తో ఆపుతూ దాన్ని ఫెర్రీ డెక్కు మీదికి తెచ్చి, రెయిలింగుకు జానెడు దూరంలో నిలబెట్టి, మళ్లీ ర్యాంపు దగ్గరికి పరుగెత్తాడు. చాథం నుంచి అవతలి ఒడ్డున ఉన్న బంబూఫ్లాట్‌కు బళ్లను దాటించే ఆ ఫెర్రీలో లస్కరుగా, అంటే డెక్కు పనివాడిగా, చేరింది మొదలు అతనిది ఇదే పని. లోకమంతా ముందుకు నడిచి బతికితే ఈ మహానుభావుడు వెనక్కి నడిచి బతికాడు. నల్లగా, పొట్టిగా ఉంటాడు. ఖాకీ చొక్కా భుజాల మీద ఉప్పు చారలు కట్టి ఉంటాయి. ఈల కొరికి కొరికి ముందుపన్ను ఒకటి అరిగిపోయింది. ద్వీపంలో ఏ బండినైనా ముఖం చూసి ఎవరిదో చెప్పేస్తాడు గాని, ఒక్కదాన్ని నడపడమైనా రాదు. జంగ్లీఘాట్‌లోని ఇంటికి వెళ్లేది సైకిలు మీదే.

ఆ రోజు మాత్రం అతని కాలు నేలమీద నిలవడం లేదు. కారణం ఒక కారు. ముందురోజే ఏదో విదేశీ కంపెనీ దాన్ని లోకానికి చూపించింది. పైకి ఎర్రటి పాతకాలపు స్పోర్ట్స్ కారు. లోపల పెట్రోలు చుక్క లేదు, అంతా బ్యాటరీయే. తయారుచేసి అమ్ముతామని కూడా వాళ్లు చెప్పలేదు, నమూనాగా ఒక్కటి చేసి పెట్టారంతే. అయినా ఆ వీడియో కార్ల పిచ్చి ఉన్న ప్రతి ఫోనులోనూ తెల్లారేసరికి తిరుగుతోంది. ఫెర్రీ ఎక్కినవాళ్లు సముద్రాన్ని మరిచిపోయి దాని గురించే కొట్టుకుంటున్నారు.

"సూసినావా అప్పలరామ్ భయ్యా?" అన్నాడు రాజ్‌కిరణ్. డెలానీపూర్‌లో స్పేర్ పార్టుల కొట్టు అతనిది. తన కారు స్ప్రింగులు కోయించి మరీ నేలకు దించుకున్న రసికుడు. "రంగు బాగుంది, ఆకారం బాగుంది. శబ్దమేదీ? స్పోర్ట్స్ కారంటే గుండెలదిరిపోవాల. ఇదేటి, ఫ్రిజ్జుకి చక్రాలెట్టినట్టు!"

"నీ కారు గోలకి మా పేషెంట్లు మంచాల మీద లేచి కూకుంటన్నారు," అంది సుష్మ, స్కూటరు మీంచి. బంబూఫ్లాట్ ఆసుపత్రిలో నర్సు. "ఆ గుండ్రటి లైట్లు సూడు, ఎంత ముద్దుగున్నాయో! నాకు ఎర్రదే గావాల."

"కొనీ మరి. డిక్కీలో కొబ్బరికాయ కూడా పట్టదు," అన్నాడు లారీ డ్రైవరు.

అప్పలరాముడు ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఈ మొగం నాను సూసినాను," అన్నాడు.

నిజంగానే చూశాడు. చిన్నప్పుడు, రంపం మిల్లులో పనిచేసే తండ్రికి అన్నం క్యారియరు పట్టుకెళ్తుంటే, ఎవరో వ్యాపారి ఓడలో తెప్పించుకున్న ఎర్రటి రెండు సీట్ల కారు ఫెర్రీ దగ్గరికి వచ్చింది. అచ్చం ఇవే కళ్లు, ఇదే మూతి. అప్పుడు సముద్రం పాటు మీద ఉంది. నీళ్లు తీసి ఫెర్రీ కిందికి దిగిపోవడంతో ర్యాంపు ఏటవాలుగా వేలాడుతోంది. కారు పొట్ట ర్యాంపు అంచుకు తగిలింది. ఎందరు ఎన్ని విధాల చూసినా దిగలేదు. చివరికి అది వెనక్కి తిరిగి, మూలుగుతూ వెళ్లిపోయింది. క్యారియరులో అన్నం చల్లారిపోయిందని తండ్రి తిట్టాడు గాని, పిల్లవాడికి ఆ తిట్లు వినబడలేదు. ఆ కారు అవతలి ఒడ్డు చూడలేదన్న బాధ మాత్రం వాడితోపాటే పెరిగి పెద్దదైంది.

అందుకే, కొన్ని వారాల కిందట కంపెనీ ఆ కొత్త కారు నీడను మాత్రమే ఫొటోలో చూపించిన రోజే అతను పనిలోకి దిగాడు. పాత పడవ విప్పినప్పుడు దొరికిన రెండు పడౌకు కలప దుంగలను ఒక చివర మందంగా, మరో చివర పలచగా చెక్కాడు. ర్యాంపు మడత దగ్గర చక్రాల కింద పెడితే ఎంత కిందికున్న బండైనా పొట్ట తగలకుండా దిగాలని అతని లెక్క. ఈ ఉదయమే వాటిని సైకిలుకు కట్టి తెచ్చాడు. పడౌకు కదా, రంగు వెయ్యకుండానే ఎర్రగా మెరుస్తున్నాయి.

ఫెర్రీ నడిపే సరంగు జితేంద్ర పై గదిలోంచి తల బయటపెట్టాడు. ఇద్దరూ ఒకే ఏడాది కొలువులో చేరినవాళ్లు.

"ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఒరే, ఆ కారు ఎక్కడ, మన ద్వీపం ఎక్కడ? డెక్కు మీద ఇడిసామాను ఉండకూడదు. సాయంత్రానికి తియ్యకపోతే సముద్రంలోకి ఇసిరేత్తాను, బస్!"

అప్పలరాముడి ముఖం వాడిపోయింది. వచ్చే ఏడు తను రిటైరవుతాడు. కారు ఆ తరవాత వస్తే? తను లేకపోయినా చెక్కలు ఇక్కడ ఉండాలి. అతను అడుగుతున్నది అంతే.

మధ్యాహ్నం బంబూఫ్లాట్‌లో పాటు బాగా తీసింది. తిరుగు ప్రయాణానికి ఫెర్రీలోకి దిగబోతున్న రాజ్‌కిరణ్ ర్యాంపు ఏటవాలు చూసి బ్రేకు మీద కాలేశాడు. ఇలాంటప్పుడు అతని కారు 'గర్ర్'మని పొట్ట గీకించుకోవడం ఫెర్రీలో అందరికీ రోజూ దొరికే వినోదం.

"బాబాయ్ చెక్కలున్నాయిగా, దింపు," అంది డ్యూటీ దిగి వస్తున్న సుష్మ. "భయమా?"

అప్పలరాముడు చెక్కలు పెట్టి, కాలితో తన్ని చూసి, ఈల నోట్లో పెట్టుకున్నాడు. జనం మూగారు. అతను వెనక్కి నడిచాడు, వేళ్లతో పిలుస్తూ, పిల్లకు నడక నేర్పే తండ్రిలా. కారు ముందుచక్రాలు చెక్కలెక్కాయి. అందరూ గీకుడు కోసం చెవులు రిక్కించారు. చక్రాలు దిగాయి. పొట్ట మడత దాటింది. వెనక చక్రాలూ దిగాయి. ఎక్కడా చప్పుడు లేదు.

డెక్కు దద్దరిల్లేలా కేకలు పెట్టారు. రాజ్‌కిరణ్ తలుపు తోసుకుని దూకి అతన్ని అమాంతం ఎత్తేశాడు.

"శబ్దం లేదు భయ్యా! అరే, శబ్దమే లేదు!"

"పొద్దున్న శబ్దం లేదనే కదా తిట్టినావు," అంది సుష్మ. రాజ్‌కిరణ్ కూడా పడీపడీ నవ్వాడు.

పై గదిలోంచి పొడుగ్గా హారన్ మోగింది. "సరేలే, రేపు కొక్కేలు కొట్టించి తగిలించు. ఇసిరెయ్యనులే," అన్నాడు జితేంద్ర. అప్పలరాముడికి కళ్లు చెమర్చాయి. ఎడమ భుజం రుద్దుకుంటూ, చెక్కలు బరువు కదా అనుకున్నాడు. వెంటనే ఇంటికి ఫోను చేశాడు.

"మన కారు దాటిపోనాదే, గురువమ్మా!"

"ఏ కారు?"

"రాబోయే కారు."

"నీ పిచ్చి సల్లగుండ! తొరగా రా, సేపలపులుసెట్టినాను," అంది భార్య.

రాజ్‌కిరణ్ కారు చాథంలో దిగగానే చెక్కలు తీసి రెయిలింగు దగ్గర పేర్చి, వాటి మీదే కూలబడ్డాడు. ఒళ్లో ఫోను, ఫోనులో అదే వీడియో. మిగిలిన బళ్లు ఇంజన్లు వేసుకుని ఈల కోసం ఎదురు చూస్తున్నాయి. ఈల మోగలేదు. లారీ డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. సుష్మ స్కూటరు దిగి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. మెడ మీద వేళ్లు పెట్టి చూసింది. అతన్ని డెక్కు మీద పడుకోబెట్టి, గుండె మీద రెండు చేతులూ వేసి అలిసిపోయేదాకా నొక్కింది. ఆ తరవాత చాలాసేపు చెయ్యి వదల్లేదు. జితేంద్ర ఇంజను ఆపి కిందికి దిగి వచ్చాడు. అప్పలరాముడి పక్కన పడిన ఫోనులో ఆ ఎర్ర కారు ఏ చప్పుడూ లేకుండా తిరుగుతూనే ఉంది.

కొత్తగా వచ్చిన లస్కరు మొదటిరోజే ఆ చెక్కలను పనికిరాని కట్టెలనుకుని తియ్యబోయాడు.

"ముట్టకు," అని పైనుంచి అరిచాడు జితేంద్ర. "కారొస్తాది."

అవి ఇప్పటికీ రెయిలింగుకు వేలాడుతున్నాయి. పాటు తీసి ఫెర్రీ ఊగినప్పుడు, ఒక్క కారు టైరు ముద్రలు మాత్రమే ఉన్న ఆ ఎర్ర చెక్కలు ఒకదానికొకటి తగిలి టక్కుమంటాయి.