గోల కింద మిగిలిన మాట

చెప్పండి, ఏం చూశారు?

నీళ్ళు నమలకండి. ఒక ఆదివారం పొద్దున ఆ రెండు వాటాల ఇంటి మెట్ల దగ్గర మీరు నిలబడి ఉన్నారనుకుందాం. కింది వాటా తలుపు తెరుచుకుంది. కుడి చేతికి చివరి రెండు వేళ్ళు లేని ఒకామె బకెట్ పట్టుకుని బయటికొచ్చింది. అదే సమయానికి పై వాటా నుంచి ఇంకొకామె దిగింది. ఒకామె గోడ వైపు చూసింది, ఇంకొకామె వీధి వైపు చూసింది. బకెట్లో నీళ్ళు మాత్రం ఇద్దరి కాళ్ళ మీదా సమానంగా తొణికాయి. తోడికోడళ్ళ పోట్లాట అని ఒక్క ముక్కలో తేల్చేసి మీ దారిన మీరు పోతారు. మీరు చూసింది అంతే కదా. అబద్ధం ఆడలేదు కదా.

పెద్దకోడలు కూడా అబద్ధం ఆడలేదు. తొమ్మిదేళ్ళ కింద మిల్లు ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి కట్టు తడి ఆరకముందే, "ఏం చూశావో చెప్పు" అని అడిగారు. ఆమె చూసింది చెప్పింది.

ఆ ఇద్దరూ అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంట కాపురానికి వచ్చిన వాళ్ళు. పన్నెండేళ్ళు ఒకే మరమగ్గాల మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పని చేశారు. చిన్నకోడలికి మిల్లులో సైరన్ అని పేరు. ఆమె గొంతెత్తితే షిఫ్టు అయిపోయిందనుకుని జనం అన్నం డబ్బాలు సర్దుకునేవారు. అంత గొంతు కూడా షెడ్డు లోపల పనికిరాదు. రెండు వందల మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడు చచ్చిపోతున్నానన్నా వినపడదు. అందుకే అక్కడ ఎవరూ చెవులతో వినరు. పెదవులు చూసి వింటారు. కొత్తగా చేరిన వాళ్ళకి మొదట నేర్పే మాట ఇది: ముఖం తిప్పి అన్న మాట మాట కాదు.

ఆ రోజు దారం తెగితే పెద్దకోడలు మగ్గం ఆపి, వంగి ముడి వేస్తోంది. ఆపిన మగ్గం దానంతట అదే కదిలింది. పక్కనున్న పళ్ళ చక్రాలకి ఉండాల్సిన ఇనప మూత ఎనిమిది నెలలుగా లేదు. ఆమె తలెత్తి చూసేసరికి సైరన్ వీపు కనబడింది. తోడికోడలు తనను వదిలి పరుగెత్తి పోతోంది. ఆ తర్వాత రెండు వేళ్ళు పోయాయి.

"వెనక్కి తిరిగి పారిపోయింది" అని ఆఫీసులో చెప్పింది. రాసుకున్నారు. మగ్గం ఎవరు ఆపారంటే సూపర్‌వైజరు తానే ఆపానన్నాడు. అదీ రాసుకున్నారు. మూత ఏమైందని ఎవరూ అడగలేదు. అడిగితే రాసుకోవాలి మరి. "ప్రమాద సమయంలో స్థానం వదిలి పారిపోయినందుకు" అని సైరన్‌ను పనిలోంచి తీసేశారు. స్విచ్ ఆపింది నేనేనని ఆమె మూడుసార్లు చెప్పింది, అక్కతో కూడా చెప్పింది. "నా కళ్ళతో చూశాను" అంది అక్క. నాలుగోసారి సైరన్ చెప్పలేదు. అప్పటి నుంచి కింది వాటాకి, పై వాటాకి మాటల్లేవు. అన్నదమ్ములిద్దరూ మాత్రం సెలవు రోజున సగం మెట్ల మీద కూర్చుని పేకాడుకుంటారు. కింద ఆడితే పైన ఊరుకోరు, పైన ఆడితే కింద ఊరుకోరు.

ఆ ఆదివారం పెద్దకోడలు బకెట్ దింపి లోపలికి రాగానే, కూతురు ఒక చిన్న తెల్ల డబ్బా చేతిలో పెట్టింది.

"ఏంటే ఇది, పొడుం డబ్బాలా ఉంది?"

"ఇయర్‌బడ్స్ అమ్మా. తీగలుండవు. నీకే."

"నాకెందుకే? ఉన్న చెవులే సరిగ్గా పనిచేయవు."

"అందుకే. చుట్టూ ఉన్న గోల తీసేస్తాయి ఇవి. నీకు ఎప్పుడూ చెవుల్లో మిల్లు ఆడుతున్నట్టే ఉంటుందంటావుగా."

అది నిజం. ఇప్పుడామె పని మిల్లులోనే, మడతల గదిలో. అక్కడ మగ్గాలు లేవు. అయినా ఇంట్లో కూర్చున్నా, స్నానం చేస్తున్నా, ఆ రెండు వందల మగ్గాలూ ఆమె చెవుల్లో కొట్టుకుంటూనే ఉంటాయి. జీతం లేని షిఫ్టు అది.

ఎడమది సులువుగానే పట్టింది. కుడిది మూడుసార్లు జారి, ఒకసారి మంచం కిందికి దొర్లింది. కూతురు పొట్లంలోంచి ఇంకో సైజు రబ్బరు తీసి తొడిగింది.

"నీ చెవులు చిన్నవమ్మా."

"ఆ మాట మీ నాన్నకి చెప్పు. చెవులు చాటలంత ఉన్నా నా మాట వినడు."

మెట్ల మీంచి "వినపడింది" అన్నాడు ఆయన.

కూతురు ఫోన్‌లో ఏదో నొక్కింది. చెవిలో ఒక ఆడగొంతు మర్యాదగా ఏదో పలికింది. తర్వాత గోల పోయింది. ఇరవయ్యొక్క ఏళ్ళ గోల, ఫ్యాను ఆపినట్టు ఆగింది. పెద్దకోడలు మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయింది.

కాసేపటికి, ఆ గోల ఉన్న చోట అడుగున ఏదో కదిలింది.

"కత్తెర ఇటివ్వమ్మా" అన్నారెవరో.

"ఎవరికే కత్తెర?" అంది పెద్దకోడలు.

"నేనేం అడగలేదు" అంది కూతురు.

"కొత్తగా వచ్చావా? అన్నం తెచ్చుకోకపోతే నాతో తిను." ఆ గొంతు ఎవరిదో ఆమె పోల్చుకుంది. మిల్లులో చేరిన మొదటి రోజు పక్క మగ్గం మీదున్న ముసలామెది. అప్పటికే తల నెరిసిన మనిషి, ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు ఆ పెదవులు కదలడం చూసి పెద్దకోడలు తలూపింది కానీ, ఏమన్నదో అర్థం కాక ఒంటరిగా నీళ్ళు తాగి కూర్చుంది.

"మిల్లులో నాతో అన్నవే తల్లీ. అప్పుడు వినపడనివి" అంది పెద్దకోడలు.

కూతురు డబ్బా తిప్పి చూసింది. "పెట్టె మీద రాయలేదే. సరేలే, గోల తీసేస్తే అడుగున ఉన్నది పైకి రావాలిగా. చార్జింగ్ అయిపోతే చెప్పు."

సోమవారం పనికి పోతూ పెట్టుకుంది, వస్తూ పెట్టుకుంది. మడతల గదిలో పక్కామె సంగతి విని, "ఏ సంవత్సరం దాకా వచ్చింది?" అని అడిగి, "నా గురించేమైనా వస్తే చెప్పు, నేనప్పుడు నిన్ను బాగా తిట్టేదాన్ని" అంది. తిట్లు వచ్చాయి. పాటలు వచ్చాయి. పండుటాకులా ఉన్న ఒక ముసలాయన "నువ్వు మా అమ్మాయిలా ఉన్నావమ్మా" అన్నది కూడా వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ సైరన్ గొంతే వచ్చింది. "అక్కా, జడ ఊడింది, మగ్గంలో పడుతుంది." "అక్కా, నీ బిడ్డకి జ్వరం తగ్గిందా?" "అక్కా, ఒక్కసారి ఇటు చూడవే, నీకు మొగుడి మీద కోపం, నా మీద కాదు."

ఆ గొంతు వచ్చినప్పుడల్లా పెద్దకోడలు వేలితో తట్టి ఆపేసేది.

బుధవారం సాయంత్రం కూతురు బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అంది. "పిన్నికి పని వచ్చింది. మగ్గాల పని నేర్పే బడిలో. వాళ్ళు పరీక్ష పెట్టి, పిన్ని చేతి పని చూసి, ఇంకెవరినీ చూడక్కర్లేదన్నారట."

"మంచిదే."

"మిల్లు నుంచి పని చేసినట్టు కాగితం కావాలన్నారు. శుక్రవారం లోపల. మిల్లులో ఇస్తామన్న కాగితం మీద పారిపోయిందని ఉంటుంది. అది పట్టుకెళితే బడి గుమ్మం కూడా ఎక్కనివ్వరు."

"నేను చూసింది చెప్పాను."

"నువ్వు అబద్ధం చెప్పావని నేననలేదమ్మా."

"తొమ్మిదేళ్ళుగా ఎవరూ అనడం లేదు. అందరూ చూపుల్తోనే అంటున్నారు." ఆమె కుడి చెయ్యి ఎత్తింది. "ఇది కూడా అబద్ధమేనా? సైరన్ అంటారుగా దాన్ని. ఊరంతా వినపడే గొంతు. ఆ రోజు ఒక్క అరుపు అరవడానికి నోరు రాలేదా?"

కూతురు రాయి ఏరి పక్కన పెట్టింది. "ఆ రోజు దాకా వచ్చిందా నీ చెవుల్లో?"

పెద్దకోడలికి ఆ రోజు దాకా రాలేదు. రానివ్వలేదు కూడా. ఆ ఏడాది దగ్గర పడిందని తెలిసి పొద్దుట్నుంచీ డబ్బా మూత తీయలేదు. ఇన్నేళ్ళ కోపం మీద కట్టుకున్న ఇల్లు అది. పునాదిలో రాయి కదిలితే ఎక్కడ నిలబడాలి?

గురువారం పండగకి అందరికీ సెలవు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె రెండూ చెవుల్లో పెట్టుకుంది. గోల ఆగింది. కుడిది జారబోతే సర్దడానికి చెయ్యి పెట్టింది. వేలు లేని చోట మిగిలిన మొండి దానికి తగిలింది.

"అక్కా, చెయ్యి తియ్."

ఎంత పెద్ద గొంతంటే ఆమె నిజంగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అక్కా, మగ్గం కదులుతోంది, చెయ్యి తియ్యవే. ఇటు చూడు. అయ్యో, చూడదే ఇది. స్విచ్ దగ్గరికి పోతున్నా. చెయ్యి తియ్యక్కా, చెయ్యి తియ్, చెయ్యి తియ్..." పరుగెత్తే కాళ్ళు. స్తంభాలు దాటిన కొద్దీ గొంతు దూరమవుతోంది, కానీ ఆగడం లేదు. ముఖం అటు తిప్పి అరుస్తోంది. స్విచ్ అటు ఉంది మరి. తర్వాత పెద్ద ఇనప పిడి కిందికి పడిన చప్పుడు. ఆ పిడి కొట్టిన చేతులకి గాజులున్నాయి. గాజులు పగిలాయి. సూపర్‌వైజరు గాజులు వేసుకోడు.

ఆ వరుస మగ్గాలు ఆగాయి, మిగతావి ఆడుతూనే ఉన్నాయి. ఆ గోల అడుగున, ఆమెను ఎత్తుకుపోతున్న సూపర్‌వైజరు గొంతు చెవి దగ్గర వణికింది. "మూత తీయించింది నేనేనమ్మా. మాటిమాటికీ తీసి పెట్టడం ఆలస్యమవుతోందని. క్షమించు." గోలలో క్షమాపణ అడిగి, ఆఫీసులో అబద్ధం చెప్పిన మనిషి. వినపడదన్న ధైర్యం ఉంటే ఎవడైనా మంచివాడే.

పెద్దకోడలు లేచి మెట్లెక్కింది. పేక ముక్కలు పట్టుకుని సగంలో కూర్చున్న అన్నదమ్ములు నోరు తెరిచారు. "కాళ్ళు తీయండి" అంది. తీశారు.

పై వాటాలో సైరన్ తడి బట్టలు పిండుతోంది. గుమ్మంలో ఎవరో చూసి, పిండుతున్న చీర అలాగే పట్టుకుని నిలబడింది.

"అరిచావు" అంది పెద్దకోడలు.

సైరన్ చేతుల్లోని చీరలోంచి నీళ్ళు కాళ్ళ మీద కారుతున్నాయి.

"ఇప్పుడు వినపడిందా?"

"ఇప్పుడే."

"తొమ్మిదేళ్ళు పట్టింది."

"నీ గొంతు అంతేగా. ఊరికే సైరన్ అన్నారు, పక్క మగ్గం దాకా కూడా రాదు."

సైరన్ నవ్వబోయి ఏడ్చింది. ఏడవబోయి తిట్టింది. "కళ్ళతో చూశానన్నావు. మూడుసార్లు చెప్పాను నీకు. నువ్వు నమ్మకపోతే ఇంకెవరు నమ్మితే నాకేంటి?"

"తిట్టు. కడుపు నిండా తిట్టు. ముఖం ఇటు పెట్టి తిట్టు." పెద్దకోడలు చీర రెండో కొస అందుకుంది. ఇద్దరూ చెరో వైపు మెలిపెట్టి పిండారు. మూడు వేళ్ళ చెయ్యి జారుతుంటే సైరన్ తన వైపు గట్టిగా పట్టింది. "రేపు పొద్దున తయారుగా ఉండు" అంది పెద్దకోడలు.

అప్పటి సూపర్‌వైజరే ఇప్పుడు మేనేజరు. అదే బల్ల, అదే కుర్చీ. ఇద్దరినీ చూసి కాగితాలు సర్దుకున్నాడు.

"నువ్వే చెప్పావు కదమ్మా. నీ సంతకం ఉంది."

"చూసింది చెప్పమన్నారు, చెప్పాను. ఇవాళ విన్నది చెప్పడానికొచ్చాను. రాసుకోండి."

"తొమ్మిదేళ్ళ తర్వాత విన్నదానికి సాక్ష్యం ఏముంటుంది?"

ఆమె ఒక బడ్ తీసి, చీర కొంగుతో తుడిచి, బల్ల మీద పెట్టింది. అతను దాన్ని చూసి ఇదేంటని అడగలేదు. చెవిలో పెట్టుకున్నాడు. ఆమె మొండి వేలితో తన చెవిలోదాన్ని తట్టింది. అతని ముఖంలో మొదట ఏమీ మారలేదు. గాజులు పగిలిన చోట కళ్ళు దించుకున్నాడు. తన గొంతు తనకి వినపడిన చోట బడ్ తీసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఇది ఎంతమంది విన్నారు?" అన్నాడు చివరికి.

"ఇప్పటికి మీరూ నేనూ. ఇంకెవరికి వినిపించాలో మీరు రాసే కాగితాన్ని బట్టి ఉంటుంది. నన్ను మడతల గదిలోంచి తీసేస్తారా, తీసేయండి. మూతలు మాత్రం పెట్టించండి. ఇప్పటికీ పదకొండు మగ్గాలకి లేవు, లెక్కపెట్టుకునే వచ్చాను."

అతను చాలాసేపు రాశాడు, ఒకసారి కొట్టేసి మళ్ళీ రాశాడు. "తన స్థానం వదిలింది సహోద్యోగిని కాపాడడానికి. స్విచ్ ఆపింది ఈమె. మూత తీయించింది నేను." సంతకం కింద తేదీ వేశాడు. సైరన్ కాగితం అందుకుని గట్టిగా చదివింది. బయట గేటు దగ్గర జనం షిఫ్టు అయిపోయిందనుకున్నారు.

శుక్రవారం బడి మూయకముందే ఆ కాగితం చేరింది. సోమవారం నుంచి సైరన్ పని మొదలుపెట్టింది. పెద్దకోడల్ని తీసేయలేదు. మూతలు వచ్చాయి, తొమ్మిది. మిగతా రెండింటి కోసం ఆమె రోజూ ఆఫీసు గుమ్మంలో నిలబడి అడుగుతోంది.

ఇయర్‌బడ్స్‌లో ఇప్పుడు పాటలు తప్ప ఏమీ రావు. అడుగున ఉన్నదంతా అయిపోయింది. సాయంత్రం మెట్ల మీద కూర్చుని కుడిది ఆమె, ఎడమది సైరన్ పెట్టుకుని ఒకే పాట వింటారు. పేకాటకి చోటు లేక అన్నదమ్ములు వీధిలో కూర్చుంటున్నారు.

బడిలో సైరన్ కొత్త పిల్లలకి మొదట మగ్గం ముట్టుకోనివ్వదు. ముందు మూత ఉందో లేదో చూపించమంటుంది. తర్వాత గది చివర స్తంభం మీదున్న స్విచ్ చూపించి, ఒకరిని అక్కడికి పరుగెత్తమంటుంది. వీపు కనబడుతుంది. మిగతా వాళ్ళని అడుగుతుంది, ఏం చూశారని.

మీకూ ఎక్కడో ఒక వీపు గుర్తుండే ఉంటుంది. మిమ్మల్ని వదిలి పరుగెత్తిపోయిందని మీరు ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్న వీపు. ఆ మనిషి ఏమని అరుస్తూ, ఏ స్విచ్ వైపు పరుగెత్తారో ఎప్పుడైనా అడిగారా?