హౌజులో రొట్టె చేప

కొడుకు ఫిన్నీ దిల్‌సుఖ్‌నగర్‌లో అక్వేరియం దుకాణం పెడతానన్నప్పుడు, చేపలు వండుకుని తినడానికి గానీ చూసుకుంటూ కూచోవడానికా అని అన్నమ్మ మూతి తిప్పింది. అదే అన్నమ్మ ఇప్పుడు పొద్దున లేచి ప్రార్థన చేసుకోగానే నేరుగా పెరట్లోని హౌజు దగ్గరికి, ఆ పాత సిమెంటు నీళ్లతొట్టి దగ్గరికి పోతోంది. అక్కడ అడుగున పరిచిన ఇసుకలో స్టింగ్‌రే అనే చదునైన చేప ఒకటి పడుకుని ఉంటుంది. జొన్నరొట్టెకు తోక మొలిచినట్టుందని ఆమె దాన్ని రొట్టె చేప అంది. ఎల్బీనగర్‌లో వాళ్లుండే గల్లీ అంతా ఆ పేరే ఖాయం చేసింది.

నాగోల్‌లో ఎవరో పెద్దమనిషి దాన్ని ముచ్చటపడి పెంచి, తొట్టి చాలనంత పెరిగాక మూసీలో వదిలేస్తానన్నాడట. ఫిన్నీకి ఒళ్లు మండింది. ఆ మురికిలో అది బతకదు. ఒకవేళ ఏ చెరువులోనో బతికి బట్టకట్టిందా, అక్కడి మన చేపలు బతకవు. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టినదాన్ని ఇక్కడ నీళ్లలో వదిలితే పుణ్యం రాదని ఆయనకు నచ్చజెప్పి తెచ్చేశాడు. సంపు కట్టించాక ఇంట్లో హౌజు ఎటూ ఉత్తగానే ఉంది.

మొదట్లో అన్నమ్మ ఆ తోక మీది విషపు ముల్లుకు జడిసి దూరంగా నిలబడింది. చూడగా చూడగా భయం పోయి అబ్బురం మిగిలింది. నోరేమో కడుపు కింద, కళ్లేమో నెత్తిన! ఇసుకలో కూరుకుపోయినప్పుడు ఊపిరి ఎలా అని అడిగితే, కళ్ల వెనకున్న రంధ్రాలతో నీళ్లు లాగుతుందని ఫిన్నీ చూపించాడు. నల్లటి వీపు నిండా నారింజ రంగు చుక్కలు. ఈత కొడితే అంచులు అలల్లా లేస్తాయి. దేవుడు దీన్ని తీరిగ్గా చేశాడని ఆమె పక్కింటి వాళ్లందరినీ పిలిచి మరీ చెప్పింది.

అది నాగోల్ నుంచి వచ్చేటప్పటికే చూలుతో ఉందని తెలిశాక ఇక చెప్పనే అక్కర్లేదు. ఇది గుడ్లు పెట్టదట. పిల్లల్ని కడుపులోనే మోస్తూ, వాటికి లోపలే పాలలాంటిది ఊరిస్తుందట. చేపకు పాలేమిట్రా అని అన్నమ్మ నవ్వింది గానీ, ఆ రోజు నుంచి దాని రొయ్యలు తనే ఒలిచి వేస్తోంది. ఫిన్నీ రెండు సంగతులు మాత్రం గట్టిగా చెప్పాడు. దీనికి పొలుసులు లేవు, నల్లా నీళ్లలోని బ్లీచింగ్ తగిలితే ఒళ్లు మంటెక్కుతుంది. అది బెదిరితే కడుపులోవి నెలలు నిండకుండానే జారిపోతాయి. నదుల్లో వలలకు చిక్కినవి అలాగే పిల్లల్ని పోగొట్టుకుంటాయని, కాన్పుకు నాలుగైదు పిల్లలే కనుక జాతి తిరిగి పుంజుకోవడం కష్టమని చెప్పాడు. అందుకే దాని కోసం నీళ్లు డ్రమ్ముల్లో నిలవబెట్టి, వాసన పోయాకే పోసేవాడు.

అంతా తెలిసిన మనిషే తప్పు చేసింది. ఒకరోజు నల్లా బుసబుసమనగానే, చర్చిలోని పుష్పలతతో ఫోన్లో మాట్లాడుతూనే పైపు లాక్కెళ్లి హౌజులో వేసింది. సంపు లేని రోజుల్లో ఏళ్ల తరబడి చేసిన పని, చేతికి మెదడుతో పనేముంది? బ్లీచింగ్ వాసన ముక్కుకు తగిలాక గానీ తెలివి రాలేదు. పైపు లాగిపడేసి చూస్తే రొట్టె చేప అంచులు పైకి ముడుచుకుంటున్నాయి.

అన్నమ్మ పుష్పలత మాట మధ్యలోనే ఫోన్ పెట్టేసింది. కొడుక్కి చేస్తే ఫిన్నీ, విరుగుడు మందు దుకాణంలో ఉందని, తీసుకుని బయల్దేరుతున్నానని, అప్పటిదాకా హౌజులో నీళ్లు తోడేస్తూ నిలవ నీళ్లు మెల్లగా పొయ్యమని అన్నాడు. ఇంట్లో నిలవ నీళ్లున్న డ్రమ్ము ఒక్కటే. ఆమె గల్లీలోకి పోయి గొంతెత్తి అడిగింది.

పైవాటాలో కిరాయికుండే యాదలక్ష్మి నల్లగొండ పిల్ల. నీళ్ల విలువ ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొన్నటి నీళ్లున్న తన డ్రమ్మునంతా బిందెలతో మోసుకొచ్చి పోసింది. పక్కింటి వాళ్లు బకెట్లు తెచ్చారు. ఒకళ్లు తోడుతుంటే ఒకళ్లు, చేపకు తగలకుండా గోడ వెంట పోశారు. ఫిన్నీ వచ్చి మందు కలిపేసరికి అంచులు కాస్త పరుచుకున్నాయి.

"ఎవలు పెట్టిన్రమ్మా పైపు?" అన్నాడు ఫిన్నీ.

"నేనే పెట్టిన," అంది అన్నమ్మ.

వాడు హౌజు గోడ మీద వంగి చేపను పరీక్షగా చూశాడు. రెండు మూడు రోజులు గడిస్తే గానీ పిల్లల సంగతి చెప్పలేమన్నాడు. అన్నమ్మకు ఆ రోజులు ముద్ద దిగలేదు. చేప ఇసుకలోంచి కదల్లేదు, కడుపులోవి జారనూ లేదు.

వారం దాటాక ఒక పొద్దున చూస్తే హౌజులో అరచేయంత పిల్లలు నాలుగు. అవే చుక్కలు, అదే తోక. పుట్టగానే ఇసుక కప్పుకుని కళ్లు మాత్రం బయట పెట్టాయి. అన్నమ్మ వలవలా ఏడ్చింది.

"అంత బెదిరినా జార్చుకోలేదు," అన్నాడు ఫిన్నీ. "నిన్ను నమ్మిందే అమ్మా."

"నన్నెందుకు నమ్ముతదిరా, మంట పెట్టినదాన్ని," అంది అన్నమ్మ కళ్లు తుడుచుకుంటూ. "అది దాని పిల్లల్ని పట్టుకున్నది."