ఈలలో పోషక విలువలు

జగన్నాథరావు మాస్టారు ముప్పై అయిదేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఇల్లు చిక్కడపల్లి, పని అశోక్ నగర్‌లో. అక్కడి ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల ఇంగ్లిష్ ప్రశ్నలను తెలుగులోకి మార్చి ఇవ్వాలి. అది లేకపోతే పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకోవడానికి ఆయనకు మరో కారణం లేదు.

మొన్నటి పరీక్షలో 'ఈల్' అనే చేప తింటే ఒంటికి ఏది బాగా అందుతుందని ఒక ప్రశ్న వచ్చింది. మాస్టారింట్లో చేప ఊసే ఉండదు. నిఘంటువు తీయడం ఆయనకు నామోషీ. తెలుగు మాట అచ్చుతో ముగియాలి గనక, బస్ బస్సయినట్టు, ఈల్‌ను ఈలు చేశారు. అది బహువచనంలా కనబడింది. ఏకవచనం చేశారు. ఈల.

"ఈల తినడం వల్ల పుష్కలంగా లభించేది ఏది?" ఒకటి, ఎ విటమిన్. రెండు, సి విటమిన్. మూడు, పీచు. నాలుగు, పైవేవీ కావు.

ఫలితాలు వచ్చిన రోజు, నారాయణగూడ హాస్టల్లో ఉండే ఉదయశ్రీ ప్రశ్నపత్రం పట్టుకుని ఆయన ఇంటికే వచ్చింది. మొదటి ఇరవై మందికి మెయిన్స్ బ్యాచ్‌లో ఉచితంగా సీటు. ఆమెది ఇరవై ఒకటో స్థానం, అర మార్కు తేడా. సీటు రాకపోతే పెట్టె సర్దుకుని ఊరికి పోవడమే.

"సార్, ఈల ఏస్తరు గదా, ఎట్ల తింటరు? అందుకే నాలుగు పెట్టిన. ఆన్సర్ కీల ఒకటి అని ఉన్నది."

"అదొక రకం చేపమ్మా. పాములా పొడుగ్గా ఉంటుందట."

"మలుగా?" అంది ఉదయశ్రీ. "మాది భద్రాచలం దగ్గర సార్. మా నాయన గోదాట్ల పడుతడు. మా అక్కకు కాన్పయినంక బలమని మా అమ్మ నెలంత అదే వండి పెట్టింది. మలుగు అని రాస్తే కండ్లు మూసుకొని ఒకటి పెడుతుంటి."

ఉన్న తెలుగు మాట తనకు తెలియనందుకు మాస్టారికి సిగ్గేసింది. చొక్కా మార్చుకుని ఆమెతో బయల్దేరారు.

కోచింగ్ సెంటర్ డైరెక్టర్ జైపాల్ అంతా విన్నాడు. "మిగిలిన తెలుగు మీడియం పిల్లలంత ఒకటే పెట్టిండ్రు సార్. మీరు రాసిండ్రంటే ఈల తింటరనే అనుకున్నరు. ఇప్పుడు కీ మారిస్తే నాకు పరేషాన్. ఇంక మీతోని రాయించుడు కూడ కష్టమైతది."

మాస్టారు కాసేపు తన చొక్కా చేతుల మడతలు చూసుకున్నారు. తర్వాత, "ఈల అంటే ఇదీ" అని రెండు వేళ్లు నోట్లో పెట్టుకున్నారు. కట్టుడు పళ్లు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఉదయశ్రీ వైపు చూశారు. ఆమె వేసింది. పక్క హాల్లో రాజ్యాంగం పాఠం వింటున్న రెండు వందల మందిలో సగం మంది తిరిగి ఈల వేశారు.

"దీంట్లో ఎ విటమిన్ ఎంత ఉందో చెప్పండి," అన్నారు మాస్టారు.

జైపాల్ తెల్ల కాగితం ముందుకు తోశాడు. మాస్టారు రాశారు: 'నేను రాసిన ఈల తినడానికి పనికిరాదు. అందులో పోషకాలేవీ లేవు. తెలుగు పేపర్‌లో నాలుగో జవాబే సరైనది. తప్పు నాది.' సంతకం పెట్టారు. ఉదయశ్రీకి సీటు వచ్చింది, ఆయనకు పని పోయింది.

కింద చాయ్ బండి దగ్గర ఆ పిల్ల ఏడ్చేసింది. "నా వల్లనే గద సార్."

"ఊరుకోమ్మా. మలుగు అన్నావు కదా, కొమ్ము లకా, గకా?"

"రెండిటికి సార్."

మాస్టారు జేబులోని చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. మాట అచ్చుతోనే ముగిసింది.

"రేపట్నుంచి పొద్దున్నే పుస్తకాలు తెచ్చుకో. నీకు వ్యాసం రాయడం నేను చెప్తాను, నాకు చేపల పేర్లు నువ్వు చెప్పు. ఎనిమిదింటికల్లా చొక్కా వేసుకుని కూర్చుంటాను."